ఒక్కరి పేరు మీద ఆగిపోయే ఇంటర్వ్యూ
మాదాపూర్ కంపెనీలో ఇంటర్వ్యూ కోసం ఉన్న ఉద్యోగంలో సెలవు పెట్టుకున్న అభ్యర్థికి ‘సార్ మీటింగ్‌లో ఉన్నారు, వచ్చే వారం చూద్దాం’ అని ఫోన్ రావడం అన్యాయం. తప్పు ఆ సారుది కాదు, ప్రతి రౌండునూ ఒక్క మనిషికే కట్టేసిన పద్ధతిది. జావా అడగగలవాళ్లు ఆరుగురు, డేటాబేస్ అడగగలవాళ్లు నలుగురు అని ముందే బృందాలు కట్టి, ఆ గంటకు ఖాళీగా ఉన్నవాళ్లను కూర్చోబెడితే హెచ్‌ఆర్ వాళ్లకు పది క్యాలెండర్లు వెతికే బాధ తప్పుతుంది. మనిషి మారితే కొలత మారదా అంటారు. యూపీఎస్సీని చూడండి: 275 మార్కుల సివిల్స్ ఇంటర్వ్యూకు ఢిల్లీ ధోల్పూర్ హౌస్‌లో ఒకేసారి పలు బోర్డులు కూర్చుంటాయి, తనది ఏ బోర్డో అభ్యర్థికి ఆ రోజు దాకా తెలియదు. మార్కుల్లో తేడాలొస్తాయన్న ఫిర్యాదు అక్కడా ఉంది, కాదనను. అందుకే బృందంలోకి వచ్చే కొత్తవాళ్లు ముందు అనుభవజ్ఞుల పక్కన కూర్చుని చూడాలి, అందరి చేతిలో ఒకే స్కోర్ షీటు ఉండాలి. అడిగితే కాదని చెప్పలేని ఒకరిద్దరి మీదే భారమంతా పడకుండా ఒక్కొక్కరికీ వారానికి ఇన్ని ఇంటర్వ్యూలేనని పరిమితి పెట్టాలి. మేనేజరుతో జరిగే చివరి రౌండును మాత్రం బృందానికి వదలకూడదు. రేపు కలిసి పనిచేయాల్సింది ఆ మేనేజరు, అభ్యర్థే.