లానీ ఫ్రిస్బీ పేరేది?
కాలిఫోర్నియాలోని కరోనా డెల్ మార్ తీరంలో 1970ల మొదట్లో తీసిన బాప్తిస్మం ఫొటోలు చూడండి: రాళ్ల మీద కిక్కిరిసిన జనం, నీళ్లలో జుట్టు పెంచిన హిప్పీ కుర్రాళ్లు. మత్తుమందులు వదిలి వాళ్లెంత మారారన్నదే ‘జీసస్ పీపుల్’ అనే ఆ క్రైస్తవ ఉజ్జీవం గురించి అందరూ చెప్పే కథ. నాకైతే, మారక తప్పనిది అప్పటికే చర్చి బల్లల మీద కూర్చున్నవాళ్లకే అనిపిస్తుంది. కోస్టా మెసాలోని కాల్వరీ చాపెల్ పాస్టర్ చక్ స్మిత్ చెప్పుల్లేని పిల్లల్నీ, వాళ్ల గిటార్లనీ లోపలికి రానిచ్చాడు. అది చిన్న ధైర్యం కాదు. కానీ ఆ పిల్లల్ని ఆకర్షించింది ఎవరు? తానూ హిప్పీయే అయిన లానీ ఫ్రిస్బీ. అతనికి పురుషులతో సంబంధాలున్నాయని తెలిశాక, ఆ ఉజ్జీవపు చరిత్రలో అతని పేరు మసకబారింది. 1993లో అతను ఎయిడ్స్‌తో చనిపోతే, అంత్యక్రియల్లో స్మిత్ అతణ్ని బైబిల్లోని సమ్సోనుతో పోల్చాడు. బలం దేవుడిది, పతనం మాత్రం అతనిది అన్నమాట! ఆ లెక్క నేనొప్పుకోను. జుట్టునీ పాటనీ చేర్చుకున్న సంఘం, మనిషి దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. ఆ బాప్తిస్మాల గురించి గర్వంగా చెప్పుకునేవాళ్లు, నీళ్లలో ముంచి లేపిన ఆ చేతులు ఎవరివో కూడా చెప్పాలి.