పడవకో చెట్టు

రంగూన్ నది మీద అహ్లోన్ ఒడ్డున నిలబడితే కంటెయినర్ల ఓడలు కనిపిస్తాయి. ఒకప్పుడు రంగూన్ రేవుల్లో బస్తాలు మోసింది ఎక్కువగా తెలుగువాళ్లే. బర్మావాళ్లు వాళ్లను ‘కొరంగీ’లన్నారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవులో ఓడెక్కి వచ్చారని ఆ పేరు. 1839 తుపానుకు కోరంగి పాడైపోయింది. పేరు మాత్రం సముద్రానికి ఇవతల నిలబడిపోయింది. 1930 మేలో రేవు కూలీల మీద దాడులు జరిగినప్పుడూ వాళ్లను పిలిచింది ఆ పేరుతోనే.

ఈ నది కలిసే సముద్రంలోనే, బాగా దక్షిణాన, మెర్గుయ్ దీవులున్నాయి. దాదాపు 800. పడవల్లో బతుకుతూ వచ్చిన అక్కడి జనానికీ ఇలాగే పరాయివాళ్లు పెట్టిన పేరుంది: బర్మావాళ్లు వాళ్లను ‘సలోన్’ అంటారు. వాళ్లు చెప్పుకునే పేరు మోకెన్. సిబియన్ రాణి తన మగవాణ్ణి లాక్కున్న చెల్లెలు కెన్‌ను నీళ్లపాలు కమ్మని శపించిందనీ, ఆ శాపం మాటా, కెన్ పేరూ కలిసి జాతి పేరైందనీ వాళ్ల కథ.

వాళ్ల పడవ కబాంగ్. ఒకే మానును తొలిచి అడుగు చేస్తారు. పైన మొగలి ఆకుల కప్పు. ముందొక గంటు, వెనకొక గంటు: ముందుది నోరు, వెనకది మలద్వారం. తిన్నది పోవాల్సిందే, ఏదీ కూడబెట్టకూడదని దాని అర్థం. మునిగి వచ్చినవాడు పడవెక్కడానికి మెట్లు కూడా ఆ గంట్లే. ఒకప్పుడు ఎండాకాలమంతా పొయ్యి, పిల్లలు, పడక అందులోనే. వానలు పడితే ఒడ్డున గుడిసెలు.

మోకెన్ పిల్లలు నీళ్లలో యూరప్ పిల్లలకంటే రెండింతలు స్పష్టంగా చూస్తారని 2003లో అన్నా గిస్లెన్ అనే స్వీడన్ శాస్త్రవేత్త తేల్చారు. తర్వాత స్వీడన్ పిల్లలకూ నేర్పితే వచ్చింది. అంటే అది పుట్టుకతో వచ్చే వరం కాదు, రోజూ నీళ్లలో దిగితే అబ్బే విద్య.

2004 డిసెంబరు 26న, సునామీ రోజున, థాయ్‌లాండ్ సురిన్ దీవుల్లో నీరు వెనక్కి తగ్గగానే మోకెన్ పెద్దలు గుర్తుపట్టారు: మనుషుల్ని మింగే అల, ‘లబూన్’, వస్తోందని. అందరినీ ఎత్తైన చోటికి తరిమారు. ఊరు కొట్టుకుపోయింది, జనం దాదాపు అంతా బతికారు. తాతల కథ విన్నందుకే ఆ ప్రాణాలు దక్కాయి.

మయన్మార్‌లో లాంపి దీవి 1996లో జాతీయ సముద్ర వనం అయింది. అడవిని కాపాడాల్సిందే. కానీ మాను కొడితే నేరమైనచోట కబాంగ్ ఎలా పుడుతుంది? పడవ లేకపోతే పిల్లవాడు నీళ్లలో కళ్లు తెరవడం ఎక్కడ నేర్చుకుంటాడు, లబూన్ కథ ఎక్కడ వింటాడు? అడవి తరిగింది వాళ్ల గొడ్డళ్లవల్ల కాదు, చేపలు తరిగింది వాళ్ల ఈటెలవల్ల కాదు. లాంపి నియమాలు రాసేవాళ్లు మోకెన్ల పడవలకని ఏటా కొన్ని మాన్లు విడిచిపెట్టాలి.