గాలి బరువు చెప్పే గడియారం

హైదరాబాదులో ఒక పాతసామాను దుకాణంలో కొన్న ఇత్తడి బారోమీటరును గోడకు తగిలించిన రోజున ఇంటిల్లిపాదీ కంగారుపడ్డాం. ఆకాశంలో మబ్బుతునక లేదు. ముల్లు మాత్రం 28 దగ్గర, 'తుఫాను' అని ఇంగ్లీషులో చెక్కిన చోట నిలిచిపోయింది. దుకాణదారు మోసగించాడనే అనుకున్నాను.

పాపం, అతని తప్పేమీ లేదు. సముద్రమట్టం వద్ద గాలి ఒత్తిడి సగటున 29.92 అంగుళాల పాదరసానికి సమానం. పైకి పోయినకొద్దీ వెయ్యి అడుగులకు సుమారు ఒక అంగుళం చొప్పున తగ్గుతుంది. హైదరాబాదు దాదాపు 1,750 అడుగుల ఎత్తున ఉన్నది! వాతావరణ శాఖ ఆనాడు ప్రకటించిన సముద్రమట్టపు ఒత్తిడిని చూసి, వెనుకనున్న చిన్న మరను తిప్పగానే ముల్లు దారికి వచ్చింది.

1844లో ఫ్రాన్సు దేశీయుడు లూసియన్ విడీ రూపొందించిన ఈ రకంలో పాదరసం ఉండదు. గాలి తీసివేసిన పలుచని లోహపు డబ్బీ ఒత్తిడికి నొక్కుకుపోతూ, ఉబ్బుతూ ముల్లును కదిలిస్తుంది. కొనేముందు దానిని పట్టుకుని మూడంతస్తులు ఎక్కి చూడండి. ముల్లు వెంట్రుకవాసి అయినా ఎడమకు జరగాలి. పాదరసపు గొట్టాలు ఎంత అందంగా ఉన్నా పిల్లలున్న ఇంటికి తేవద్దు. పగిలితే వెలువడే ఆవిరి విషం.

డయల్ మీది 'వాన', 'మార్పు', 'నిర్మలం' వంటి మాటలు ఐరోపా వాతావరణానికి రాసినవి. వాటిని నమ్ముకుంటే మనకు లాభం లేదు. ఉష్ణమండలంలో గాలి ఒత్తిడికి ఆటుపోట్లున్నాయి. ఉదయం, రాత్రి పది గంటల ప్రాంతంలో పెరుగుతుంది. తెల్లవారుజామున, సాయంత్రం నాలుగు గంటలకు తగ్గుతుంది. నెలరోజులు పుస్తకంలో రాసుకుంటే ఆ లయ తెలిసిపోతుంది. అది తప్పి, పెరగవలసిన వేళ కూడా ముల్లు దిగజారుతున్నదంటే జాగ్రత్తపడాలి.

ఇప్పుడు నా వద్ద నాలుగు బారోమీటర్లున్నాయి. అయిదవది నాగాయలంకలో మా మేనత్త ఇంట్లో ఉన్నది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో దివిసీమలో వేలమంది పోయారు. ఆమె ఇల్లు కొట్టుకుపోయింది. హెచ్చరికలకు ఇప్పుడు రేడియో, ఫోను ఉన్నాయి, అధికారుల మాటే వినాలి. అయినా ఆమెకు తన కంటితో చూసుకోవడం కావాలి.

"ఒరేయ్ అబ్బాయ్, పది దాటినా ముల్లు లేవలేదురా" అని రెండుసార్లు ఫోను చేసింది. మొదటిసారి బంగాళాఖాతంలో వాయుగుండం ఉన్నది. రెండవసారి ఆమె కళ్ళద్దాలు పెట్టుకోలేదు.