గొంతు చాలునా?

టెలివిజనులో వర్తమాన వ్యవహారముల చర్చ నడుపుటకు చక్కని రూపము, గట్టి గొంతు చాలునని మనవారిలో కొందఱు బిడ్డలకు బోధించుచున్నారు. ఈ మాటను మేము ఖండించుచున్నాము.

ఇంగ్లండులో రాబిన్ డే 1952లో బారిస్టరై, 1955లో ఐ.టి.ఎన్. వార్తాసంస్థలో చేరెను. 1957లో కైరోలో ఈజిప్టు అధ్యక్షుడు నాసరును, 1958లో తమ ప్రధాని మాక్‌మిలనును జంకులేక ప్రశ్నించెను. 1979 నుండి 1989 వఱకు బి.బి.సి.లో 'క్వశ్చన్ టైమ్' నడపెను. ఆయన బలమంతయు న్యాయవిద్య నేర్పిన ప్రశ్నయే. నేటి చర్చలలోని అరపులు ప్రశ్నలగునా?

ఇంట తెలుగును, వీధిలో కన్నడమో తమిళమో ఒడియాయో మరాఠీయో మాటాడు మన పిల్లలకు ఇరుపక్షముల మాట వినుట చిన్ననాడే అలవడును. ఆ బలమునకు న్యాయశాస్త్రమో చరిత్రయో తోడుచేయుడు. కెమెరా తరువాత రానిండు.