అయిదు రంగుల వీరులు

మొన్న ఆదివారం మా పెద్దవాడు నా పక్కన కూర్చుని, "బాపూ, సెంటాయ్ బంద్ అయితున్నదట" అన్నాడు, యింట్లో యెవరికో జబ్బు చేసినంత మెల్లగా. నేను యేదో సాంచాల కార్ఖానా కాబోలు అనుకొన్నాను. భివండీలో బంద్ అనే మాట వింటే మనకు మరొకటి తోచదు గదా!

తీరా విచారిస్తే అది జపాను టెలివిజను సంగతి. మన పిల్లలు 'పవర్ రేంజర్స్' అని నోరు తెరుచుకొని చూచినదానికి మూలం ఆ 'సూపర్ సెంటాయ్'. సెంటాయ్ అంటే యుద్ధ దళం. ఎరుపు, నీలం, పసుపు, పచ్చ, గులాబీ తొడుగుల వీరులు మన తల్లులకు జ్ఞాపకముండే ఉంటారు. ఇంట్లో ఎర్ర తువ్వాలు మిగిలేది కాదు. మా చాళ్లో మావాడు ఎరుపు, మోమిన్ల పిల్లవాడు పచ్చ, పైయింటి మరాఠీ పిల్ల గులాబీ. రణరంగం మా తమ్ముడి నాలుగు సాంచాల కార్ఖానా. కవచాలు అక్కడి చిందీ గుడ్డలు.

ఈ దళం పుట్టినది 1975 ఏప్రిల్ 5న, 'గోరెంజర్' పేరుతో. రూపకర్త షోటారో ఇషినొమోరి, తీసినవారు తోయే కంపెనీ. 2025లో వచ్చిన 'గోజూజర్' నలభై తొమ్మిదవ వరుస. నడుమ 1993లో అమెరికాలో హైమ్ సబాన్ అనే ఆయన జపాను వారి పోరాట ఘట్టాలను తీసుకొని, ముసుగు లేని ఘట్టాలు మాత్రం తన నటులతో తీయించి అతికాడు. ముసుగు వేసిన తరువాత ముఖం యెవరిదైతేనేం! పాత చీరకు కొత్త అంచు వేసి అమ్మే విద్య మనవాళ్లకు కొత్తదా?

మావాణ్ణి యెగతాళి చేద్దామనుకొని మానుకొన్నాను. నా చిన్నతనంలో దూరదర్శన్‌లో 'జెయింట్ రోబో' వచ్చేది. 1967లో మొదలైన ఆ కథ కూడా తోయే వారిదే. చివరికి ఆ రోబో శత్రువును పట్టుకొని ఆకాశానికెగిరి తానూ బలి అయినప్పుడు నేను వెక్కి వెక్కి ఏడ్చాను. "రేకు డబ్బా కోసం ఏడుస్తవారా?" అన్నాడు మా నాయన.

ఇంతకూ యెందుకు ఆపుతున్నట్లు? బొమ్మల కోసం. బందాయ్ అనే ఆటబొమ్మల కంపెనీ ఉంది. యేడాదికొక కొత్త దళం, కొత్త రోబో, కొత్త ఆయుధాలు. అవి అమ్ముడైతేనే కథ నడుస్తుంది. ఇది భివండీ వారికి విప్పి చెప్పాలా? సేటు బీము యిస్తేనే సాంచా ఆడుతుంది. గుడ్డ బాగా నేశామన్నంత మాత్రాన బీము రాదు. ఇటీవలి సంవత్సరాలలో 'కామెన్ రైడర్' బొమ్మల రాబడిలో సెంటాయ్‌ది మూడో వంతు కూడా లేదు. పైగా జపానులో పిల్లలు పుట్టడమే తగ్గిపోతున్నది. 2025 అక్టోబరు చివర ఆపుతారన్న వార్త పొక్కింది. నవంబరులో, 1982 నాటి 'గవాన్' అనే వీరుణ్ణి కొత్తగా తీర్చి ఆ ఆదివారపు వేళలో దింపుతామని ప్రకటించారు. అమెరికా శాఖను 2018లో హాస్‌బ్రో కొన్నది. అక్కడ కూడా 2023 వరుసతో దారం తెగింది.

"మళ్ల వస్తదంటవా?" అన్నాడు మావాడు.

నాకు తెలిసినంత చెప్పాను. ఇదివరకు కూడా ఒకసారి ఆగింది. 1977 డిసెంబరులో ఆపి, 1979 ఫిబ్రవరి దాకా మళ్లీ యెత్తుకోలేదు. ఆ ఖాళీలో తోయే వారు 'స్పైడర్‌మ్యాన్' తీసి, అతనికి ఒక పెద్ద రోబోను కూర్చారు. అది పిల్లలకు నచ్చింది. దళం తిరిగి వచ్చినప్పుడు దానికీ ఒక రోబో వెంట వచ్చింది. పని లేని నాళ్లలో పక్క సాంచా మీద నేర్చిన నేత అన్నమాట.

వాడు కాసేపు ఊరుకొని, "మరి చిన్నాయన సాంచాలో?" అన్నాడు.

"అవి భంగారోనికి తూకానికి పోయినయిరా" అన్నాను.

వాడు అటక యెక్కి, ఒక చేయి విరిగిన ఎర్ర బొమ్మను దింపి, తుడిచి, టీవీ పక్కన పెట్టుకొన్నాడు.