చచ్చిన పందికి లెక్క కట్టరా?

2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ మొదటిసారి బయటపడింది. ఈశాన్యంలో రెండు మూడు పందులతో బతికే ఇళ్ల దొడ్లు ఖాళీ అయిపోయినయ్. ఈ వైరస్‌కి మందు లేదు, మన దేశంలో రైతుకి అందే టీకా లేదు. సోకిన మందలో దాదాపు అన్నీ చస్తాయి. మనుషులకు మాత్రం అంటదు. ఈ మాట ఎవరూ గట్టిగా చెప్పరు. మన దగ్గర పందుల్ని సాకే ఎరుకల కుటుంబాలను ఊరవతలికి నెట్టడానికి 'పందుల రోగం' అన్న పేరొక్కటి చాలు గదా!

పంది తనంతట తాను జిల్లాలు దాటిపోదు. బేరగాడి బండి దాటిస్తుంది. రోగపు పందిని కోసినప్పుడు కారిన నెత్తురు, దొడ్లో తిరిగిన చెప్పులు వైరస్‌ని మోస్తాయి. మాంసంలో అది నెలల తరబడి ఉంటుంది. హోటలు ఎంగిల్లో ఆ ముక్క పడితే మన తొట్లోకే వస్తుంది. అందుకే ఎంగిలిని అరగంటైనా తెర్లకాగబెట్టి పెట్టాలి.

రోగం తేలిన చోటు నుంచి కిలోమీటరు లోపల పందులన్నిటినీ సర్కారు చంపిస్తుంది. అలా చంపినవాటికే పరిహారం. ముందే రోగంతో చచ్చినవాటికి లేదు. మరి మొదటి పంది పడిపోగానే పేదోళ్లు డాక్టరు కాడికి పోతారా, మిగిలినవాటిని వచ్చిన కాడికి అమ్ముకుంటారా? ఆ అమ్మకంతోనే వైరస్ పక్క ఊరు చేరుతుంది. ఇది వాళ్ల తెలివితక్కువతనమంటే మేం ఒప్పుకోం. చచ్చినవాటికీ లెక్క కట్టి, ఆలస్యం చేయకుండా డబ్బివ్వాలి. సంఘాల మిత్రులు ఈ డిమాండుతోనే పశువైద్యశాలకు పోవాలి.