రెండవ యంత్రం పర్యాయపదం కారాదు



పాతకాలపు గృహ కంప్యూటరు ఒకటి చేతికందిన వారికి త్వరలోనే రెండవదానిపై మనసు పోతుంది. అప్పుడు పలువురు మొదటిదానిని పోలిన యంత్రాన్నే వెదకుతారు. నా అభిప్రాయం వేరు. రెండవది మొదటిదానికి పర్యాయపదం కారాదు. మొదటిది చెప్పలేని అర్థాన్ని చెప్పాలి. పింఛనుతో గడిపే నావంటివాడికి మూడవదానికి ఇంట చోటూ లేదు, చేత సొమ్మూ లేదు. కనుక ఈ ఎంపికలో ఆచితూచి అడుగు వేయక తప్పదు.

నా వద్ద ఉన్నది బిబిసి మైక్రో, మోడల్ బి. ఇంగ్లండులో ఏకార్న్ సంస్థ 1981లో విడుదల చేసిన యంత్రమిది. 1984లో మొదలైన 'క్లాస్' పథకం కింద మన దేశపు పాఠశాలలకు చేరినవీ ఇవే. 6502 ప్రాసెసరు, 32 కిలోబైట్ల మెమరీ, దిట్టమైన కీబోర్డు దీని సొత్తు. దీని బేసిక్ భాషలో పెద్ద పనిని చిన్న భాగాలుగా విడదీసి, ఒక్కొక్కదానికి పేరుపెట్టి రాయవచ్చు. వ్యాకరణం చదివినవారికి ఇది ముచ్చట గొలుపుతుంది.

దీనికి తోడుగా కమొడోర్ 64 ను సూచించేవారున్నారు. 1982లో వచ్చిన ఆ యంత్రం పలికే సంగీతం గొప్పదే. కాని దాని 6510 ప్రాసెసరు 6502కు తోబుట్టువు. పైగా అమెరికాలో అమ్మిన యంత్రాలు మన విద్యుత్తుకు, పాల్ టీవీలకు నేరుగా పొసగవు.

నా ఓటు సింక్లెయిర్ స్పెక్ట్రమ్‌కు. 1982లోనే వచ్చిన దీని జెడ్80 ప్రాసెసరు వేరొక వంశానిది. మోడల్ బి తొలి ధర 335 పౌండ్లు కాగా, 48 కిలోబైట్ల స్పెక్ట్రమ్ ధర 175 మాత్రమే. ఆ పొదుపు అంతటా కనబడుతుంది: రబ్బరు మీటలు, 8×8 చుక్కల గడికి రెండే రంగులు. వీటిని లోపాలంటారు, నేను పాఠాలంటాను.

తెలుగు లిపినే తీసుకోండి. రెండు యంత్రాలలోనూ మనం గీసుకొనే అక్షరానికి 8×8 గడే గతి. అందుకు బిబిసిలో మామూలుగా 32 స్థానాలు, స్పెక్ట్రమ్‌లో 21. ఇంత ఇరుకులో తెలుగు ఇమడాలంటే గుడిని పై గడిలో, ఒత్తును కింది గడిలో పెట్టి, ఒకే ముక్కను పలు అక్షరాలకు వాడుకోవాలి. ఏది విడదీయాలో, ఏది కలపాలో ఆలోచించిన పిల్లవాడికి మన లిపి నిర్మాణం బోధపడుతుంది. అదే పనిని బిబిసిలో పేరు పేరునా భాగాలు చేసి రాస్తే క్రమం అలవడుతుంది. ఒకటి పొదుపు నేర్పితే మరొకటి పొందిక నేర్పుతుంది.

ఎమ్యులేటరు చాలదా అంటారా? కొనే ముందు పరీక్షకు అది మేలే. అయితే రబ్బరు మీటల మొండితనం అందులో వేళ్లకు తెలియదు.

ఒక జాగ్రత్త. పాత బిబిసి విద్యుత్ సరఫరాలోని వడపోత కెపాసిటర్లు పొగలు చిమ్ముతూ పగలడం కద్దు, ముందే మార్పించండి. స్పెక్ట్రమ్‌కు 9 వోల్టుల ఎడాప్టరులో మధ్య భాగం ఋణధ్రువం. ఇతర ఎడాప్టర్లు తగిలించరాదు.

మీ మొదటి యంత్రం ఏది? అది చెప్పలేనిది ఏమిటి? రెండవదానిని అక్కడినుంచి వెదకండి.